ప్లాస్టిక్ వస్తువులకు రంగు: వాడుకలోనున్న సలహాలపై ఒక విమర్శ

అద్దకపు పని తెలిసిన వారిని ఎవరినైనా "గుడ్డకు ఎర్రరంగు ఎట్లా వేయవలె?" అని అడిగి చూడండి. జవాబు చెప్పక ముందే వారు ఎదురు ప్రశ్న వేస్తారు: "ఏ గుడ్డకు?" నూలుకు ఒక పద్ధతి, పట్టుకు ఒక పద్ధతి, ఉన్నికి మరొక పద్ధతి. కలంకారీ పనివారు నూలుగుడ్డను మొదట కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టుతారు. ఎరుపు రావలసిన చోట పటిక నీటిని పూస్తారు. ఆ తరువాత గుడ్డను రంగునీటిలో మరగబెట్టితే పటిక పడిన మేరకే ఎరుపు నిలుస్తుంది; తక్కిన చోట పట్టిన రంగు కడిగితే పోతుంది. రంగు గుడ్డకు ఊరకే అంటుకొనేది కాదనీ, ఆ రెంటికీ నడుమ పొందిక కుదరవలెననీ మన పనివారికి తరతరాలుగా తెలుసు.

ప్లాస్టిక్ విషయములో మాత్రము ఈ ఎదురు ప్రశ్న వేసేవారు అరుదు. చిన్న పరిశ్రమల చేతిపుస్తకములలోను, పత్రికల గృహశీర్షికలలోను, ఈనాటి వీడియోలలోను కనిపించే సలహా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. గిన్నెలో నీళ్ళు మరగబెట్టవలె. బట్టలకు వేసే రంగు పొట్లము అందులో కలపవలె. గుప్పెడు ఉప్పు గాని, నాలుగు చెంచాల వెనిగరు గాని వేయవలె. వస్తువును ముంచి అరగంట ఉంచవలె. అంతే, పాత వస్తువు కొత్తదవుతుందట!

ఈ సలహాను పాటించిన వారిలో కొందరికి రంగు చక్కగా పట్టుతుంది. కొందరికి ఒక్కసారి కడిగితే పోతుంది. కొందరికి రంగు మాట అట్లా ఉంచి, వస్తువే వంకర పోతుంది. తప్పు వారి చేతులది కాదు. సలహాలోనే లోపమున్నది. ఆ లోపము ఎక్కడ ఉన్నదో ఒక్కొక్క మాటనే తీసుకొని పరిశీలింతము.

ప్లాస్టిక్ ఒకటి కాదు

ప్లాస్టిక్ అన్నది ఒక పదార్థము పేరు కాదు. లోహము అన్న మాట వంటి జాతి పేరు. బంగారమునకు, ఇనుమునకు ఒకే తీరున మెరుగు పెట్టము గదా! మనము నీళ్ళు తోడే బకెట్టు సాధారణముగా పాలిథిలీను గాని పాలిప్రొపిలీను గాని అయి ఉంటుంది. అచ్చుపోసిన కుర్చీ పాలిప్రొపిలీను. మంచినీళ్ళ సీసా పాలియెస్టరు జాతిది. టెరిలీను చొక్కాకు స్వయానా తోబుట్టువు. నీటి గొట్టము పి.వి.సి. పళ్ళు తోముకొనే బ్రష్షు కుచ్చు నైలాను. కంప్యూటరు మీటలు, పిల్లలు పేర్చి ఆడుకొనే ఇటుకలు చాలా వరకు ఎ.బి.ఎస్. అనే రకానివి.

వీటన్నిటికీ ఉన్న పోలిక ఒక్కటే. చిన్న అణువులు వందలు, వేలుగా గొలుసుకట్టుగా చేరి, పొడవాటి బృహదణువులు ఏర్పడినవి. ఆ గొలుసులో ఏ పరమాణువులున్నవి, గొలుసులు ఎంత క్రమముగా పేర్చుకొని ఉన్నవి అన్న దానిని బట్టి రంగుతో ఆ ప్లాస్టిక్ నడవడి మారుతుంది.

రంగులలోను రెండు తెగలున్నవి. నీటిలోనో, నూనెలోనో, కడకు ప్లాస్టిక్ లోనో కరిగి, అణువులుగా విడిపోయి కలిసేది అద్దకపు రంగు. ఎక్కడా కరగక, మెత్తని పొడిగానే నిలిచేది వర్ణకము. చక్కెర పాలలో కరిగినట్లు అద్దకపు రంగు ప్లాస్టిక్ లో కరుగుతుంది. అందుకే వస్తువు పారదర్శకత చెడదు. పసుపు పిండిలో కలిసినట్లు వర్ణకము కలుస్తుంది. దానిని లోపలికి పంపవలెనంటే ప్లాస్టిక్ ను కరగబోసి కలపవలసినదే. తయారైన వస్తువును వర్ణకపు నీటిలో ఎంతసేపు ముంచినా ఆ రేణువులు లోపలికి పోవు. సలహాదారులు ఈ భేదమును ఎత్తరు. "రంగు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుతారు.

ఉప్పు ఎక్కడిది? వెనిగరు ఎక్కడిది?

సలహాలోని ఉప్పు నూలు అద్దకము నుండి వచ్చినది. నీటిలో తడిసిన నూలుపోగు స్వల్పముగా ఋణవిద్యుత్తును వహిస్తుంది. నూలుకు వాడే రంగుల అణువులు కూడ ఋణవిద్యుత్తు కలవే. సజాతి విద్యుత్తులు వికర్షించుకొంటాయి కాబట్టి రంగు పోగును చేరలేక నీటిలోనే మిగిలిపోతుంది. ఉప్పులోని సోడియం అయానులు ఆ వికర్షణను తగ్గించి రంగును పోగు దగ్గరకు పోనిస్తాయి.

వెనిగరు ఉన్ని, పట్టు అద్దకము నుండి వచ్చినది. ఈ పోగులు మాంసకృత్తులు. వాటిలో అమైను సమూహములుంటాయి. ఆమ్లము తగిలినప్పుడు అవి ధనవిద్యుత్తు పొంది, ఋణవిద్యుత్తు గల రంగు అణువులను పట్టుకొంటాయి. ఇటువంటి రంగులను ఆమ్లరంగులంటారు. నైలాను గొలుసుల చివరలలో కూడ అమైను సమూహములున్నవి. అందుచేత నైలాను బొత్తాము, నైలాను బిళ్ళ ఈ సలహాకు చక్కగా లొంగుతాయి. పాలలోని కేసీను నుండి 19వ శతాబ్దము చివర జర్మనీలో ఒక ప్లాస్టిక్ పుట్టినది. దానితో చేసిన బొత్తాములకు, తయారైన పిమ్మట ఆమ్లరంగులు అద్దేవారు. కేసీను కూడ మాంసకృత్తే గనుక అది సాధ్యమైనది.

మరి పాలియెస్టరు సంగతేమి? ఎ.బి.ఎస్. సంగతేమి? పాలిథిలీను మాటేమి? వాటికి నూలు వంటి నీటిమక్కువ లేదు. ఉన్ని వంటి అమైను సమూహములూ లేవు. అక్కడ ఉప్పు వేసినా, వెనిగరు పోసినా ప్రయోజనము లేదు. పైగా బజారులో "అన్ని గుడ్డలకూ" అని అమ్మే పొట్లములలో తరచుగా రెండు మూడు జాతుల రంగులు కలిసి ఉంటాయి. ఆ కలగూర గంపలో ఏదో ఒక జాతి మాత్రమే వస్తువుకు పట్టితే, పొట్లము మీద చూపిన రంగు ఒకటి, వస్తువు మీద తేలిన రంగు మరొకటి అవుతుంది. నలుపు వేయబోతే ఊదా వచ్చినదని కొందరు ఆశ్చర్యపడటానికి ఇది ఒక కారణము.

1922 నాటి పాఠము

నిజానికి ఈ చిక్కు కొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలములో విమానముల రెక్కల గుడ్డపై పూసే లేపము కొరకు ఇంగ్లండులోని స్పాండన్ లో సెల్యులోజ్ అసిటేటును పెద్ద ఎత్తున తయారుచేసినారు. యుద్ధము ముగియగానే ఆ గిరాకీ పోయినది. అదే పదార్థముతో కృత్రిమ పట్టు తీయబూనినారు. 1921 నుండి అది బజారులోనికి వచ్చినది. చూపులకు మెరుపు, చేతికి మెత్తన. అయితే నూలు రంగులు దానికి పట్టవు, ఉన్ని రంగులు సరిగా పట్టవు. పుట్టుక దూదిలోని సెల్యులోజు నుండే అయినా, అసిటేటుగా మారిన పిమ్మట దానికి నీటిపై మక్కువ తగ్గిపోయినది. అద్దలేని పట్టును కొనేవారెవరు? పరిశ్రమ భవితవ్యమే ఈ ఒక్క ప్రశ్నపై ఆధారపడినది.

1922 నుండి 1924 వరకు బ్రిటిష్ రసాయనజ్ఞులు దీనికి పరిష్కారము కనుగొన్నారు. నీటిలో కరిగే రంగుల జోలి మాని, నీటిలో దాదాపు కరగని రంగులను అతి మెత్తగా నూరి, సబ్బు వంటి పదార్థముల సాయముతో నీటిలో తేలియాడనిచ్చినారు. రంగు అణువులకు నీటికంటె అసిటేటే హితమైనది గనుక, అవి నీటిని విడిచి పోగులో కరిగినవి. వీటికి డిస్పర్స్ రంగులని పేరు వచ్చినది. తరువాత 1941లో పాలియెస్టరు పుట్టినప్పుడు దానికీ ఈ రంగులే దిక్కైనవి.

ఆ రసాయనజ్ఞులు పాత రంగునే మరికొంత ఎక్కువ పోయలేదు. మరికొంతసేపు మరగబెట్టి చూచి ఊరుకోలేదు. "ఈ పదార్థమునకు ఏది హితము?" అని అడిగినారు. నేటి సలహాలలో కొరవడినది ఈ ప్రశ్నే. కొన్ని మంచి సలహాలు డిస్పర్స్ రంగును పేరుతో చెప్పుతున్నవి, అవి మెచ్చదగినవి. కాని వాటిలోను పెక్కు వేడి విషయములో తడబడుతున్నవి.

ఎంత వేడి?

ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు దాని గొలుసులు గాజులోవలె బిగిసి ఉంటాయి. ఒకానొక ఉష్ణోగ్రత దాటగానే గొలుసులకు కదలిక వచ్చి, నడుమ సందులేర్పడి, రంగు అణువులు లోపలికి జొరబడగలుగుతాయి. ఈ గాజు స్థితి సడలే ఉష్ణోగ్రత పాలియెస్టరుకు సుమారు 70 నుండి 80 డిగ్రీల సెంటిగ్రేడు. పి.వి.సి.కి సుమారు 80. పాలిస్టైరీనుకు సుమారు 100. ఎ.బి.ఎస్., ఆక్రిలిక్ లకు సుమారు 105. పాలికార్బొనేటుకు దాదాపు 150.

ఇక్కడే ఇబ్బంది ఉన్నది. రంగు లోపలికి పోవటానికి ఏ సడలింపు కావలెనో, వస్తువు రూపు చెడటానికి కూడ అదే సడలింపు చాలును. పాలియెస్టరు గుడ్డను కర్మాగారములలో మూసిన పాత్రలో ఒత్తిడి పెట్టి సుమారు 130 డిగ్రీల వద్ద అద్దుతారు. ఆ పోగులలోని స్ఫటిక భాగములు 250 డిగ్రీల దాకా కరగవు గనుక పోగు నిలుస్తుంది. అదే పాలియెస్టరుతో చేసిన నీళ్ళ సీసాలో మరిగే నీళ్ళు పోస్తే ఏమవుతుందో పాఠకులకు తెలియనిది కాదు: ముడుచుకొని కురచ అవుతుంది. ఊదేటప్పుడు సాగదీసిన గొలుసులు వేడికి సడలి, తమ పూర్వస్థితికి పోజూస్తాయి. పదార్థమొకటే అయినా పోగుకు చెల్లిన పద్ధతి సీసాకు చెల్లదు.

నైలాను అదృష్టము వేరు. తడిసిన నైలాను గొలుసులు తక్కువ వేడికే సడలుతాయి. స్ఫటిక భాగములు మాత్రము 200 డిగ్రీలు దాటినా కరగవు. కాబట్టి మరిగే నీటిలో రంగు లోపలికి పోతుంది, రూపూ నిలుస్తుంది. పాలిథిలీను దురదృష్టము దీనికి విరుద్ధము. దాని గొలుసులు సున్న డిగ్రీలకు ఎంతో దిగువనే సడలి ఉంటాయి. వాకిలి ఎప్పుడూ తెరిచే ఉన్నది. కాని కర్బనము, ఉదజని తప్ప మరేమీ లేని ఆ గొలుసులలో రంగు అణువును పట్టి నిలిపేది ఏదీ లేదు. బలవంతముగా చొప్పించినా కొంతకాలమునకు పైకి తేలి, చేతికీ గుడ్డకూ అంటుతుంది. బకెట్టును, కుర్చీని రంగునీటిలో ముంచి మార్చవచ్చునని చెప్పే సలహాను నిస్సందేహముగా తోసిపుచ్చవచ్చును.

పద్ధతి తెలిసి చేసిన పనికి కళ్ళద్దములు మంచి ఉదాహరణ. తేలికయైన ప్లాస్టిక్ అద్దములలో సి.ఆర్.39 అనే రకమున్నది. 1940 ప్రాంతములలో అమెరికాలో తయారైనది. దాని గొలుసులు వలవలె ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి వేడికి అది కరగదు. 90 డిగ్రీలు దాటిన రంగు తొట్టిలో కొన్ని నిమిషములు ముంచితే అద్దము చల్లని రంగు పొందుతుంది. పైన ముదురు, క్రింద లేత కావలెనంటే తలక్రిందుగా ముంచి మెల్లమెల్లగా పైకి తీస్తారు. పాలికార్బొనేటు అద్దమునకు ఇది చెల్లదు. దానిపై గీతలు పడకుండా పూసిన గట్టిపూత రంగును పీల్చే రకమైతే, ఆ పూతకే రంగు వేస్తారు. కళ్ళద్దముల పనివారు అద్దము జాతిని అడగక తొట్టిలో ముంచరు. ఈ జాగ్రత్త ఇంటి సలహాలలో ఎందుకు ఉండరాదు?

వేడికి బదులు అసిటోను కలపమని చెప్పేవారున్నారు. అసిటోను గొలుసుల నడుమ దూరి వాటిని సడలిస్తుందన్నది నిజమే. కాని పాలిస్టైరీనును, ఎ.బి.ఎస్.ను అది కరిగించివేస్తుంది. పాలికార్బొనేటులో బీటలు పుట్టిస్తుంది. పైగా దాని ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పొయ్యిమీది గిన్నెలో అసిటోను పోయమనే సలహా ఇంటికి నిప్పు పెట్టుకొమ్మనటమే. పై రంగుపూత వేయమనే సలహా ఇంత ప్రమాదకరము కాదు గాని, మైనము వంటి ఉపరితలము గల పాలిథిలీను, పాలిప్రొపిలీనులపై ఆ పూత పొట్టులా లేచిపోతుంది. వీటిపై అక్షరములు అచ్చువేయవలసిన కర్మాగారములు ముందుగా ఉపరితలమును మంటతోనో, విద్యుత్ విసర్గముతోనో సిద్ధము చేసుకొంటాయి.

కర్మాగారపు రంగు

ఇంటి సలహాలను విమర్శించి కర్మాగారములను విడిచిపెట్టటము న్యాయము కాదు. అక్కడ రంగును సాధారణముగా కరిగిన ప్లాస్టిక్ లోనే కలుపుతారు. వర్ణకమును కొద్ది ప్లాస్టిక్ లో చిక్కగా పిసికి ముందు గుళికలు చేసి ఉంచుతారు. దీనిని మాస్టర్ బ్యాచ్ అంటారు. తెల్లని ప్లాస్టిక్ గుళికలతో దీనిని కొద్ది పాళ్ళలో కలిపి కరగబోస్తే సరి. ఈ ఉపాయము మనకు కొత్తది కాదు. ఏటికొప్పాక బొమ్మల పనివారు లక్కను వేడిచేసి, రంగు వేసి పిసికి కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న కొయ్యకు ఆ కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు పట్టుతుంది. లక్క ప్రకృతి ఇచ్చిన ప్లాస్టిక్కే. రెజిను మెత్తగా ఉన్నప్పుడే రంగు కలపవలెనన్న సూత్రము రెండు చోట్లా ఒకటే.

అయితే కర్మాగారములలోను రంగును చివరి అలంకారముగా ఎంచే దోషమున్నది. 1928లో స్కాట్లండులోని గ్రేంజ్‌మౌత్ లో థాలిమైడు అనే తెల్లని పదార్థము తయారుచేస్తుండగా, పాత్ర లోపూత పగిలి ఇనుము తగిలిన చోట నీలిపదార్థమొకటి కనిపించినది. దాని కుటుంబములోని రాగి థాలోసయనిన్ 1935లో బజారుకు వచ్చి, నీలి వర్ణకములలో మేటియైనది. ఎండకు, వేడికి తట్టుకొంటుంది. కాని అధికసాంద్రత పాలిథిలీనులో దాని రేణువుల చుట్టూ స్ఫటికములు తొందరగా పుట్టి, వస్తువు అన్ని దిక్కులా సమానముగా కుంచించుకొనదు. ఎర్రమూత సరిగా కూర్చున్న అచ్చులోనే నీలిమూత వంకర పోవచ్చును. రంగు మార్చితే పదార్థమే కొంత మారినదన్న మాట!

నలుపు దీనికి మరొక సాక్ష్యము. పొలములలో వేసే నల్లని పాలిథిలీను గొట్టములలో నూటికి 2 నుండి 3 పాళ్ళు దీపపు మసి వంటి కర్బనపు పొడి ఉంటుంది. అది అందము కొరకు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణములను పీల్చి గొట్టమును కాపాడటానికి. అదే నలుపు తిండిపెట్టెల మీద వేరు కథ నడుపుతుంది. వ్యర్థములను జాతులవారీగా ఏరే యంత్రములు పరారుణ కాంతి తిరిగివచ్చే తీరును బట్టి ప్లాస్టిక్ జాతిని గుర్తిస్తాయి. కర్బనపు పొడి ఆ కాంతిని మింగివేయటముచేత నల్లపెట్టె యంత్రపు కంటికి ఆనదు, చెత్తలోనికే పోతుంది. నానాజాతి పాత ప్లాస్టిక్కులు కలిపి కరగబోసినప్పుడు వచ్చే మురికి రంగును కప్పిపుచ్చటానికి కూడ నలుపే సులభము. కొనేవారు మెరుపు చూచి మెచ్చుకొంటారు. లోపల ఏమున్నదో రంగు చెప్పదు.

ఆరోగ్యము మాట

రంగు విషయములో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే అయినా, సలహాలలో దీనికి చోటు తక్కువ. సీసపు క్రోమేటు పసుపు, కాడ్మియం ఎరుపు వేడికి బాగా తట్టుకొనే వర్ణకములు. అందుకే ప్లాస్టిక్కులలో విరివిగా వాడినారు. సీసము, కాడ్మియం రెండును విషములే. కొన్ని డయారిలైడ్ పసుపు వర్ణకములు మామూలు వేడిలో నిరపాయముగా ఉన్నా, 200 డిగ్రీలు దాటిన కరగబోతలో విడిపోయి హానికరమైన అమైనులను ఇస్తాయి. ఇది కొనేవారికంటె ముందు అచ్చుయంత్రము దగ్గర నిలబడిన పనివానికి చేటు. డిస్పర్స్ రంగులలో కొన్ని నీలిరంగులు చర్మమునకు దద్దుర్లు తెప్పిస్తాయి.

మన దేశములో దీనికి కట్టుబాట్లు లేకపోలేదు. ఆహారము, మందులు, త్రాగునీరు తగిలే ప్లాస్టిక్కులలో వాడదగిన వర్ణకముల, రంగుల జాబితాను భారత ప్రమాణముల సంస్థ 1981లో ఐ.ఎస్. 9833 అన్న సంఖ్యతో వెలువరించినది. చేతిసంచులు ఏ రంగూ కలపని సహజ ఛాయలోనైనా ఉండవలెననీ, లేదా ఈ ప్రమాణమునకు లోబడిన రంగులతోనే చేయవలెననీ 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు నిర్దేశించినవి. పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ప్రమాణ చిహ్నము తప్పనిసరి అయినది. ఇన్ని కట్టుబాట్ల నడుమ తయారైన గిన్నెకు, పాలసీసాకు, పసిపిల్ల నోట పెట్టుకొనే బొమ్మకు ఇంటిలో బట్టల రంగు అద్దమని చెప్పటము ఎంత అవివేకమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రంగును వంటగిన్నెలోనే మరగబెట్టమనటము అంతకు మించిన అవివేకము.

సలహాను పరీక్షించే విధము

ఈ సలహాలన్నీ పనికిరానివని నేననను. వస్తువును ముందు సబ్బుతో కడిగి జిడ్డు పోగొట్టమనటము, కనబడని చిన్న ముక్కపై ముందుగా పరీక్షించమనటము, తొందరపడవద్దనటము మంచి మాటలే. పాత వస్తువును పారవేయక మళ్ళీ వాడుకొనవలెనన్న తలపు మరీ మంచిది. ఆ మంచి తలపు వ్యర్థము కాకూడదనే ఈ విమర్శ.

ఏ సలహా చదివినా పాఠకులు నాలుగు సంగతులు వెదకవలె. ఏ ప్లాస్టిక్ కు? ఏ జాతి రంగు? ఎన్ని డిగ్రీల వేడి? ఏ వస్తువులకు వాడరాదు? ఈ నాలుగింటికీ జవాబు లేని సలహాను ప్రక్కన పెట్టవలె. ప్లాస్టిక్ జాతి తెలుసుకొనటము కష్టము కాదు. చాలా వస్తువుల అడుగున త్రికోణములో ఒక అంకె ఉంటుంది: 1 పాలియెస్టరు, 2, 4 పాలిథిలీను, 3 పి.వి.సి., 5 పాలిప్రొపిలీను, 6 పాలిస్టైరీను, 7 తక్కినవి. అంకె లేకపోతే, బోలుగాను నురుగుగాను లేని చిన్న ముక్కను నీటిలో వేసి చూడవచ్చును. సాధారణముగా తేలితే పాలిథిలీనో, పాలిప్రొపిలీనో. దానికి అద్దకపు ఆశ విడిచిపెట్టవలె. మునిగితే మాత్రము తక్కిన ప్రశ్నలు అడగవలసి ఉంటుంది.

సలహాలు వ్రాసేవారికి ఒక మనవి. "ప్లాస్టిక్ కు రంగు వేయు విధము" అని శీర్షిక పెట్టకండి. నైలానుకు ఆమ్లరంగు, పాలియెస్టరుకు డిస్పర్స్ రంగు, పాలిథిలీనుకు కరగబోతలో వర్ణకము అని జాతి పేరుతో వ్రాయండి. శీర్షిక కొంచెము పొడవైనా, చదివినవారి వస్తువు, చేయి, ఇల్లు మూడూ క్షేమముగా ఉంటాయి.